తువాల కింది చేతులు

మా దుకాణం మెట్లు పగలగొట్టడానికి మేస్త్రీ వచ్చిన రోజు నేను పొద్దున్నే లేచి, తలస్నానం చేసి, దేవుడికి దండం పెట్టుకుని, అతనితో బేరం మొదలుపెట్టాను. మెట్లు మావి, పగిలేవీ మావే, అయినా పగలగొట్టే కూలి దగ్గర తగ్గేది లేదన్నాను. మా ఆయన గడప మీద కూర్చుని పళ్లు తోముకుంటూ, “నీ నెత్తి మీద బండ పడ్తున్నా, బండ ఎంతకిస్తవని అడుగుతవ్ నువ్వు” అన్నాడు. నాగర్‌కర్నూల్ మనిషి, గద్వాలకు ఇల్లరికం వచ్చాడు. ఇన్నేళ్లలో నేను బేరంలో గెలుచుకున్న పెద్ద సరుకు ఆయనొక్కడే. అయితే ఆ సరుకు వాపసు తీసుకునే దుకాణం ఎక్కడా లేదని పెళ్లయ్యాక తెలిసింది. మెట్లు ఎందుకు పోయాయో తర్వాత చెబుతాను. దుమ్ము పడుతుందని ముందరి సరుకంతా లోపలికి జరిపి, మా పెద్దనాయన కూర్చుని అమ్మిన పాత చెక్క గద్దిని ఇద్దరు మనుషులతో ఎత్తించాం. దాని కింద మడతపెట్టిన తువాల ఒకటి కనబడింది. తెల్ల నూలుది, ఎర్ర అంచు. ముక్కు దగ్గర పెట్టుకుంటే నస్యం, కొబ్బరి తాళ్లు, గానుగ నూనె, మూడూ కలిసిన వాసన. మనిషి పోయి ఎంత కాలమైనా వాసన మాత్రం దుకాణం కట్టేయలేదు.

మా నాయనది వనపర్తిలో చిన్న కిరాణా. పిల్లలు లేని పెద్దనాయన ఇంట్లో ఉండి చదువుకోమని నన్ను గద్వాల పంపాడు. నేను చదివిన దానికన్నా తూచింది ఎక్కువ. పెద్దనాయన అమ్మేది ఎడ్ల పగ్గాలు, బొక్కెనలు, చేంతాళ్లు, బిందెలు. వాన పడితే దుకాణమంతా తడి నార వాసన కొట్టేది. తెల్లవారకముందే పెద్దమ్మ వాకిలి చల్లి, జొన్నరొట్టె కొట్టడం మొదలుపెట్టేది. ఆ చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. పెద్దమ్మ రాయచూరు వైపు మనిషి. కోపమొచ్చినా, కడుపు నిండినా, ఎదుటివాళ్ల మాటలు ఎక్కువైనా ఒకటే అనేది: “సాకు.” చాలు అని. మా ఇంట్లో ఆ ఒక్క కన్నడ మాటకు ఎదురు బేరం ఉండేది కాదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక పెద్దనాయన తలుపు చెక్కలు సగం వేసి, అదే తువాల ముఖం మీద కప్పుకుని కునుకు తీసేవాడు. ఆ కాసేపు గద్ది నాది. “నిద్రల కూడ ధర చెవిన పడ్తది, జర చూసి అమ్ము బిడ్డ” అనేవాడు. నిజంగానే పడేది. నేను తక్కువ చెప్పినప్పుడల్లా తువాల కింది నుంచి దగ్గు వినిపించేది.

ఆ తువాలకు అసలు పని వేరే ఉంది. పెద్దనాయన వయసులో ఉన్నప్పుడు ఎడ్ల అంగళ్లు తిరిగాడు. కల్వకుర్తి దాకా పోయేవాడు. అక్కడ నలుగురిలో ధర నోటితో చెప్పరు. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపితే వాటి మీద తువాల కప్పుతారు. ఆ చాటున వేళ్లు పట్టుకుని, నొక్కి, వదిలి ధర చెప్పుకుంటారు. చుట్టూ వందమంది నిలబడినా ఎంతకు కుదిరిందో ఆ రెండు చేతులకే తెలుస్తుంది. ఎడ్లు మానేసి దుకాణం పెట్టాక కూడా పెద్దనాయన ఆ అలవాటు మానలేదు. ఆయన్ను చూసి బజారు మొత్తం నేర్చుకుంది. మూడో మనిషికి మన మనసు తెలియకూడదు, తెలిస్తే గిరాకీ పోతుంది అన్నది మా బజారు మతం. నా పెళ్లి కూడా తువాల కిందనే కుదిరిందని, తన తండ్రి ఏదో ఒక వేలు తప్పు పట్టుకుని ఉంటాడని మా ఆయన అనుమానం.

మా బజారుకు అవతల లారీల రోడ్డు, రోడ్డుకు అవతల కొత్తగేరి. కూలి పనులకు, వలస పనులకు పోయే ఇళ్లన్నీ అక్కడ. కొన్ని హిందువులవి, కొన్ని క్రైస్తవులవి. ఆ మనుషులు మాకు కొత్త కాదు. మా ఇంట్లో ఎండాకాలం మిరపకాయలు దంచేది మరియమ్మ, ఆమెతో వచ్చే ఆడవాళ్లు. కారం ఘాటుకు తుమ్ముతూ, నవ్వుతూ, మగవాళ్ల మీద పరాచికాలాడుతూ పొద్దంతా దంచేవాళ్లు. అయితే దప్పికైతే మా బావి చేద వాళ్లు ముట్టేది లేదు. పెద్దమ్మ పైనుంచి పోస్తే దోసిట్లో తాగేవాళ్లు. ఎవరూ దానికి బాధపడినట్టు కనబడేది కాదు, అడిగే ఆలోచన నాకూ రాలేదు. గోడకు సున్నం ఉన్నట్టే అదీ ఉండేది. మేం వాళ్లకు అమ్మేవాళ్లం, వాళ్లు మాకు దంచేవాళ్లు. ఒకచోట కూర్చుని ఒక విషయం తేల్చుకునే అవసరం ఇద్దరికీ ఎన్నడూ పడలేదు.

ఆ అవసరం మునిసిపాలిటీ వాళ్లు తెచ్చారు. వార్డుల గీతలు మార్చినప్పుడు మా బజారు, కొత్తగేరి ఒకే వార్డులో పడ్డాయి. పడిన కొన్నాళ్లకే కబురు వచ్చింది: వార్డుకు ఒక్క వీధి నల్లా, అది ఎక్కడ పెట్టాలో వార్డు వాళ్లే సభ పెట్టుకుని చేతులెత్తి చెప్పాలి, చెప్పకుంటే గొట్టాల పనివాళ్లు పక్క వార్డుకు పోతారు. మరియమ్మకు ఇది ప్రాణం మీదికి వచ్చింది. పంట కోతలైతే ఆమె, మొగుడు వలస పోవాలి. ఇంట్లో మిగిలేది మోకాళ్లు పట్టేసిన అత్త శాంతమ్మ, పాలు మరిచిన చంటిది. అప్పటిదాకా కొత్తగేరికి నీళ్లు లారీల రోడ్డు దాటి మోసుకొచ్చేవే. నల్లా బజారు వైపు పెడితే శాంతమ్మ బిందె పట్టుకుని ఆ రోడ్డు దాటాలి. కొత్తగేరి వైపు పెడితే మరియమ్మ గుండె మీద చేయి వేసుకుని బండెక్కవచ్చు. పెద్దనాయన లెక్క వేరు. నల్లా ఉన్నచోట వరస ఉంటుంది. వరస ఉన్నచోట ఎవరి బిందెకో చిల్లి పడుతుంది. చిల్లి పడిన చోట ఎదురుగా మా దుకాణం ఉంటే అంతకన్నా ఏం కావాలి?

నల్లా సంగతి తర్వాత, ముందు సభ ఏ వేళకు పెట్టాలన్న దాని మీదే పెద్ద బేరం నడిచింది. మా దుకాణం ముందరే, దంచుడు మధ్యలో లేచొచ్చి, చేతిలో రోకలి దించకుండానే మరియమ్మ మాట్లాడింది.

“పొద్దుగాల పెడ్దం” అన్నాడు పెద్దనాయన.

“పొద్దుగాల మేం చేన్ల ఉంటం సావుకారి. కూలి ఇడ్సిపెట్టి నీ మొకం చూడనీకె వస్తమా?”

“మరి సాయంత్రం?”

“సాయంత్రం నువ్వు వస్తవా? దీపం పెట్టే యాళ్లకు నీ గిరాకి మొదలైతది. నువ్వు గద్ది దిగుతవంటే నేన్ నమ్మ.”

“అంగడి రోజు వద్దు. శుక్కురారం చాయ్ హోటల్ ఖాజా భాయ్‌కి నమాజు.”

“ఆదివారం మాకు ప్రార్థన.”

“అయితె సభ ఏ దినం పెడ్తరు, అమాస నాడా?”

చివరికి ఆదివారం ప్రార్థన ముగిశాక, పెద్దనాయన కునుకు మొదలవకముందు దొరికే సందులో సభ కుదిరింది. మరియమ్మ పాస్టరుగారితో ప్రార్థన ఒక పాట తక్కువ చేయిస్తానంది, పెద్దనాయన కునుకు కొంచెం వెనక్కి జరుపుతానన్నాడు. దేవుడి వైపు ఒక పాట, సావుకారి వైపు కొంత నిద్ర, ఇద్దరూ సమానంగానే వదులుకున్నారని ఖాజా భాయ్ తీర్పు చెప్పాడు. ఆయన చాయ్ హోటల్ మా దుకాణానికి ఎదురుగా, రెండు వాడలకూ మూలలో ఉంటుంది. సభ ఆయన వాకిట్లోనే. ఇప్పుడు తలచుకుంటే ప్రజాస్వామ్యం అనే పెద్ద మాట మా వార్డులో మొట్టమొదట చేసిన పని ఇదే అనిపిస్తుంది. ఎవరి పొద్దు ఎట్లా గడుస్తుందో ఒకరికొకరు అడిగి తెలుసుకున్నారు. అన్నేళ్లు ఎదురెదురుగా బతికి కూడా, కొత్తగేరి వాళ్లు ఏ వేళకు అన్నం తింటారో అప్పటిదాకా మాకు తెలియదు.

నాకు అప్పుడే ఓటు వచ్చింది. అయినా మా బజారు పద్ధతి ఇంటికొక మగవాడు, ఇంటికొక మాట. నన్ను గద్ది మీద కూర్చోబెట్టి పెద్దనాయన తువాల దులిపి భుజాన వేసుకుని పోయాడు. అక్కడినుంచి ఖాజా భాయ్ వాకిలంతా కనబడేది, వినబడేది. మునిసిపాలిటీ సారు వచ్చాడు. పెళ్లిళ్లకు కిరాయికిచ్చే జంపఖానా పరిచారు. మా వాళ్లు ఇంటినుంచి కుర్చీలు తెచ్చుకుంటే సారు, “సభల అందరు కింద కూసోవాలె, లేకుంటె అందరికి కుర్చీలు తేవాలె” అన్నాడు. అందరికీ కుర్చీలు తేవడం ఖర్చు కనక మా వాళ్లు చప్పున కింద కూర్చున్నారు. కొత్తగేరి వైపునుంచి మగవాళ్లు, ఆడవాళ్లు, ముసలివాళ్లు, చంటిపిల్లలతో సహా వచ్చారు. ఖాజా భాయ్ చాయ్ పోయడం మొదలుపెట్టాక గ్లాసులు చాలలేదు. తాగిన గ్లాసు కడగడం, ఇంకొకరికి అందించడం. ఏ గ్లాసు ఎవరి దగ్గరికి పోయిందో కాసేపటికి ఆయనకే అంతు చిక్కలేదు. మా వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, చాయ్ చల్లారుతుందని తాగేశారు.

సారు లేచి, “బజారు దిక్కు నల్ల కావాలనేటోళ్లు చేతులెత్తుండ్రి” అన్నాడు.

ఒక్క చేయి లేవలేదు. మా బజారు వాళ్లు నేల చూస్తున్నారు, పక్కవాడిని చూస్తున్నారు, చేతులు మాత్రం ఒడిలోనే ఉన్నాయి. సారు మళ్లీ అడిగాడు. అప్పుడు పెద్దనాయన లేచి, గంభీరంగా నడిచి సారు దగ్గరికి పోయి, ఆయన చేయి పట్టుకుని, దాని మీద తువాల కప్పాడు.

సారు అదిరిపడి చేయి లాక్కున్నాడు. “ఏందిది? ఏందయ్యా ఇది! పదిమందిల నా చేతుల ఏం పెడ్తున్నవ్? నేను గసుంటోన్ని కాదు!”

“అయ్యో సారు, ఏం పెడ్తలేను. నా మాట చెప్తున్న. వేలు పట్టుకుంటె బజారు దిక్కు.”

“చేయి ఎత్తి చెప్పాలె!”

“ఎత్తితే అందరికి కనబడ్తది గద సారు” అన్నాడు పెద్దనాయన, ఇంత తెలివైన మనిషికి ఇది కూడా చెప్పాలా అన్నట్టు.

జంపఖానా మీద నవ్వు లేచింది. మరియమ్మ చంటిదాన్ని అత్త ఒళ్లో పెట్టి నిలబడింది. “కనబడితే ఏమైతది సావుకారి? నీ చేయి ఎవరన్న గుంజుకపోతరా?”

“నీకు కనబడ్తది. రేపు నువ్వు చేంతాడు కొననీకె పక్క దుకాణంకు పోతవ్.”

“నీ తాడు గట్టిగుంటె నీ దగ్గర్నే కొంట. నేను కొనేది తాడు, నీ చేయి కాదు. లేపు పైకి!”

పెద్దనాయన తువాల మడిచి భుజాన వేసుకున్నాడు. తర్వాత బరువు ఎత్తుతున్నట్టు చేయి పైకెత్తాడు. ఆయన ఎత్తాక బజారు మగవాళ్లంతా ఎత్తారు. కొత్తగేరి వంతు వచ్చేసరికి ఆడా మగా చేతులు జొన్నచేనులా లేచాయి. అప్పుడు తెలిసింది మా వాళ్లకు, ఇంటికొక మాట అనుకుని సగం సరుకు ఇంట్లోనే వదిలి అంగడికి వచ్చామని. “ఆగుండ్రి సారు, మా ఆడోళ్లు గూడ ఉన్నరు!” అని పరుగులు పెట్టారు. వంటింట్లోనుంచి, పూజల్లోనుంచి, నిద్రలోనుంచి బజారు ఆడవాళ్లను లేపి తెచ్చారు. నన్నూ గద్ది దింపారు. అంత తొందరలో కూడా ఏ మగవాడికీ, ఎందుకు పిలుస్తున్నామో చెప్పాలని తట్టింది గాని, మీరేమంటారని అడగాలని తట్టలేదు.

సారు మళ్లీ మొదటినుంచి అడిగాడు. బజారు దిక్కు అన్నప్పుడు మగవాళ్ల చేతులు లేచాయి. పెద్దమ్మ చేయి లేవలేదు. పెద్దనాయన మోచేత్తో పొడిచాడు. ఆమె కొంగు సర్దుకుంది. కొత్తగేరి దిక్కు అన్నప్పుడు పెద్దమ్మ లేచి నిలబడి మరీ చేయెత్తింది. ఆమె వెనుక మా వీధి ఆడవాళ్లలో సగంమంది ఎత్తారు. వాళ్లకు చాటుకు తువాల లేదు, చాటు అలవాటూ లేదు.

“ఏందే నువ్వు?” అన్నాడు పెద్దనాయన నోరు తెరిచి.

“నా వాకిట్ల దినాం బిందెల కొట్లాట ఎవలికి కావాలె? బురద ఎవలు కడుగాలె? నాకు ఇంట్ల బాయి ఉన్నది. శాంతమ్మకు లారీల రోడ్డున్నది. ఆమె మోకాళ్లు నువ్వు చూసినవా? నేను చూసిన. సాకు!”

అబద్ధం ఎందుకు, నేను మాత్రం బజారుకే ఎత్తాను. నా మొదటి చేయి బిందెల గిరాకీ కోసం లేచింది. మరియమ్మ నన్ను ఎగాదిగా చూసి నవ్వింది. నల్లా కొత్తగేరికి పోయింది.

ఇంటికి వస్తూ పెద్దనాయన దారంతా గొణిగాడు. “నాతోని ఒక్క మాట చెప్పొద్దా?”

“నువ్వు అడిగినవా?” అంది పెద్దమ్మ. “తువాల కింద నీ మనసుల ఏమున్నదో నాకేం తెల్వాలె, నా మనసుల ఏమున్నదో నీకేం తెల్వాలె. జంపఖానా మీద తెలిసింది గద, మంచిగైంది.”

ఓడిపోయిన పెద్దనాయన ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. నల్లాలో నీళ్లు వచ్చిన నాడు మాత్రం తెల్లవారగానే తోపుడుబండి కిరాయికి తెచ్చి, దాని నిండా బిందెలు పేర్చి, లారీల రోడ్డు దాటించి నేరుగా కొత్తగేరి నల్లా పక్కన నిలబెట్టాడు. బండి శాంతమ్మ ఇంటి చూరు నీడలో ఉండేది. ఆయన అన్నానికి వచ్చినప్పుడు కనిపెట్టి ఉండేది ఆమే. మరియమ్మ వలస పోయేముందు, అక్కడి బావుల కోసమని కొన్న చేంతాడు మా దుకాణంలోదే. గంటసేపు బేరమాడింది. పోతూ పోతూ శాంతమ్మను ఆయనకు, ఆయన బండిని శాంతమ్మకు అప్పజెప్పి పోయింది. వాళ్లు తిరిగొచ్చాక వచ్చిన ఎండాకాలం, మా ఇంట్లో మిరపకాయలు దంచుతూ మరియమ్మ తనే లేచి బావిలో చేద వేసింది. పెద్దమ్మ చూసింది. ఏదో అనబోయి, “తాడు జర గట్టిగ పట్టుకో” అంది. అంతే. ఊరు మారిపోయిందని నేను చెప్పను. కొన్ని గడపలు ఇప్పటికీ కొందరు దాటరు, నాకు తెలుసు. కానీ ఒక సంగతి నాకు ఆ జంపఖానా నేర్పింది. దుకాణంలో బేరం కుదరకపోతే మనిషి పక్క దుకాణానికి పోతాడు. వార్డులో పక్క దుకాణం లేదు. ఉన్న మనుషులతోనే మళ్లీ మళ్లీ బేరమాడాలి. ఈసారి ఓడినవాడితో వచ్చేసారి పని పడుతుంది. అందుకని అందరూ కాస్త మర్యాదగా గెలుస్తారు, కాస్త నవ్వుతూ ఓడుతారు.

ఇప్పుడు ఇంటింటికీ నల్లా ఉంది. వీధి నల్లా దగ్గర వరస లేదు, కొట్లాట లేదు, ఎవరింట్లో ఏం కూరో తెలిసే దారీ లేదు. వార్డుకు ఫోన్లో గ్రూపు ఉంది. దాంట్లో అందరూ పొద్దున పువ్వుల బొమ్మలు పంపుతారు, బొటనవేళ్లు ఎత్తుతారు. ఆ వేళ్లు చూస్తే నాకు పెద్దనాయన తువాలే గుర్తొస్తుంది, మనిషి ముఖం కనబడదు కదా. అదృష్టం ఏమిటంటే, ప్రార్థనకూ కునుకుకూ మధ్య సందులో సభ పెట్టే అలవాటు మాత్రం మా వార్డు వదల్లేదు. ఈమధ్య అట్లాంటి సభలోనే మరియమ్మ మనవరాలు ఎస్తేరు లేచింది. ఇప్పుడు మా వార్డు మెంబరు ఆ పిల్లే. “ఆంటీ, ఏమనుకోవద్దు. మీ మెట్లు మోరి కాల్వ మీదికి వచ్చినయి. వాన పడితే నీళ్లు మొత్తం మా దిక్కు మర్లుతున్నయి” అంది. నేను అన్ని విద్యలూ చూపించాను. సగం తీస్తానన్నాను, ఒక్క మెట్టు ఉంచమన్నాను, వానాకాలం పోనీ అన్నాను. ఎస్తేరు ఓపికగా విని, “అయితె చేతులెత్తుదం” అంది. లేచిన చేతుల్లో వెనక వరసలో ముడతలు పడ్డ చేయి ఒకటి మరియమ్మది. ఆ పక్కనే ఇంకొకటి, పళ్లు తోముకున్నంత నిమ్మళంగా లేచింది, మా ఆయనది.

మేస్త్రీ పోయిన సాయంత్రం మరియమ్మ బొక్కెన కొనడానికి వచ్చింది. మెట్లు లేక పైకి ఎక్కలేకపోయింది. కింద వీధిలోనే నిలబడి, “సావుకారమ్మా, నువ్వే దిగు” అని పిలిచింది. ఖాజా భాయ్ కొడుకు కుర్చీ తెచ్చి ఆమెను కూర్చోబెట్టాడు. నేను బొక్కెన పట్టుకుని, నా దుకాణం మీదినుంచి నేనే పిరుదుల మీద జారి దిగాను. చూసినవాళ్లంతా నవ్వారు.

“మెట్లు తీయమని చెయ్యెత్తి, మళ్ల నా దగ్గర్కే వచ్చినవా?” అన్నాను.

“ఆనాడు నువ్వు మా నల్ల మీద చెయ్యెత్తలేదా? నేను తాడు నీ తాన కొనలేదా? చెల్లుకు చెల్లు. ధర చెప్పు.”

నాకు అల్లరి బుద్ధి పుట్టింది. భుజం మీద పెద్దనాయన తువాల ఉంది. ఆమె చేయి పట్టుకుని దాని మీద తువాల కప్పి ఒక వేలు నొక్కాను. మరియమ్మ ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత పళ్లులేని నోటితో పడీ పడీ నవ్వింది. నవ్వుతూనే తువాల లాగేసి, దాంతో తన ముఖం మీది చెమట తుడుచుకుని, మడిచి ఒళ్లో పెట్టుకుంది.

“ఇగ చెప్పు” అంది, “అందరు ఇనేటట్టు.”